రెండు వికెట్లు పడ్డాక

మా బావ పోయాడన్న కబురు నాకు బస్సులో అందింది. తిరుమలగిరి ఆసుపత్రిలో ఆయన్ని చూసి సీతాఫల్‌మండిలోని ఇంటికి తిరిగి వస్తున్నాను. మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, ఏడిదాక వోయినవ్? వెనక్కి రా. నాన్న పోయిండు," అంది. పక్క సీటాయన కిటికీ మూయమన్నాడు. మూశాను. దిగాలన్న సంగతి చాలా దూరం పోయాక గానీ తట్టలేదు.

పాఠకులు నవ్వకుండా వినాలి. పోనీ, నవ్వుతూనే వినండి, ఆయనకు అదే ఇష్టం. బావ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేను వరండాలో బెంచీ మీదే కూర్చున్నాను. లోపలికి వెళ్ళింది ఆ ఒక్క పొద్దునే. నేను వెళ్ళి వచ్చిన కాసేపటికే ఆయన లేడు. నేను వెళ్ళడం వల్లేనా? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. పిచ్చి ప్రశ్నని నాకూ తెలుసు. కానీ అది ఎంత పిచ్చిదో లెక్కగట్టి చెప్పగల మనిషి ఆయనే. ఇప్పుడు ఎవరిని అడగను?

కాస్త వెనక్కి వెళ్ళాలి. మా అక్కను అల్వాల్‌లో ఇచ్చారు. ఆ ఇంటికి రంగుల టీవీ వచ్చిన కొత్తలోనే నాకొక పేరు వచ్చింది: నేను చూస్తే మనవాళ్ళ వికెట్లు పడతాయని. ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, అమలు చేసే అధికారం మాత్రం అక్కది. ఒక వికెట్ పడితే నా వైపు చూసేది. రెండోది పడితే, "అరే తమ్మీ, జెర బయటికి పో. మెట్ల మీద కూసో, చాయ్ గాడికే పంపిస్త," అనేది. నేను లేచి వెళ్ళేవాణ్ణి. చిత్రమేమిటంటే, నేను అటు వెళ్ళగానే ఇటు వికెట్లు పడటం ఆగేది. లోపల చప్పట్లు మొదలయ్యేవి. ఇన్నేళ్ళ క్రికెట్‌లో మనవాళ్ళు చిక్కుల్లో పడటం కళ్ళారా చూశాను. గట్టెక్కడం మాత్రం చెవులారా విన్నాను.

నాకు పెద్ద నష్టమేమీ లేదు లెండి. అప్పట్లో అద్దె పుస్తకాల దుకాణం నడిపేవాణ్ణి. బడి చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. మిగతాదంతా ఎవరూ అద్దెకు అడగని పుస్తకాల్లో చదువుకున్నాను. జనం అడిగే పుస్తకాలు నా చేతికి ఎక్కడ చిక్కేవి? అందుకే నా జ్ఞానం కొంచెం వంకరగా ఉంటుంది. ఆ మెట్ల మీద కూర్చుని చాలా చదివాను.

బావది ఆఫీసు ఉద్యోగం. రిటైరయ్యాక కూతురి పాత ల్యాప్‌టాప్ ఆయన ఒళ్ళోకి చేరింది. వానల లెక్కలు, కూరగాయల ధరలు, ఇంకా ఏవేవో ప్రభుత్వం వాళ్ళే ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెడతారట. క్రికెట్‌లో ఏ బంతికి ఏమైందో ఎవరో పుణ్యాత్ములు బంతిబంతికీ రాసి ఊరికే పంచుతారట. ఇవన్నీ దించుకుని, గళ్ళుగళ్ళుగా పేర్చుకుని, పొద్దస్తమానం వాటి మొహం చూస్తూ కూర్చునేవాడు. "గిదంత మనదే బామ్మర్దీ. అందరిదీ. అడిగెటోడే లేడు," అనేవాడు.

ఆయనతో రైతు బజారుకు వెళ్ళడం మాత్రం పెద్ద పరేషాన్. ఫోన్‌లో ఆ రోజు ధర చూపించి టమాటాలమ్మే ఆవిడతో బేరం పెట్టేవాడు. ఒకసారి ఆవిడకు విసుగొచ్చింది. "సారూ, నీ ఫోన్ల ఉన్న టమాటలు నీ ఫోన్లకెళ్ళే తీస్కో. నా గంపల ఉన్నవాటి ధర నన్నడుగు," అంది. బావ పకపకా నవ్వి ఆమె చెప్పిన ధరకే కొన్నాడు. దారంతా మురిసిపోతూ, "చూసినవా, టమాట నాణ్యానికి గడి లేదు నా పట్టికల. కొత్తది కలపాలె," అన్నాడు.

వాన లెక్కా అంతే. ఒకరోజు వాన రాదని అక్కకు భరోసా ఇచ్చాడు. ఆరేసిన బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. అక్క తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆయన తడి లుంగీ పిండుతూ, "లెక్క తప్పిందంటే మనకు తెల్వనిదేదో ఉన్నదన్నట్టు. మంచిదే కద," అన్నాడు. లెక్క తప్పితే సంతోషపడే మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

ఒక మ్యాచ్ రోజున నేను మెట్ల మీద ఉండగా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"నిన్ను మీ అక్క ఎప్పుడు బయటికి తోలుతది?"

"రెండు వికెట్లు పడ్డంక."

"ఒక్కటి సుత పడకుంటే?"

"ఎందుకు తోలుతది?"

"గదే మరి! మనోళ్ళవి గాదు, వేరే దేశాలు ఆడుకున్న మ్యాచులు తీసిన. ఎంటెంటనే రెండు పడ్డ జాగలన్నీ చూసిన. చానా వరకు ఆ తర్వాత ఎవడో ఒకడు జెరసేపు నిలబడ్డడు. మరి గా దేశాలల్ల ఎవని తమ్మున్ని మెట్ల మీద కూసోబెట్టిన్రు?"

నాకు నవ్వొచ్చింది గానీ అర్థం కాలేదు. ఆయన మళ్ళీ విప్పి చెప్పాడు. "చెడ్డ ఘడియ దానంతటదే పోతది. అది పోయేటప్పుడు ఎవడు లేచి నిలబడితే వానికి పేరొస్తది. నీది గంతే."

లోపల్నుంచి అక్క కేకేసింది. "ఏమయ్యా, గాడేం ముచ్చట్లు? వాణ్ణి లోపలికి తోల్కరాకు, ఇప్పుడే ఫోర్ కొట్టిన్రు!"

"లెక్క తేలిందే! నీ తమ్ముడు నిర్దోషి!"

"నిర్దోషి అయితే ఆడనే నిమ్మళంగ కూసొమ్మను!"

నిర్దోషిగా అక్కడే కూర్చున్నాను. బావ కూడా లోపలికి పోకుండా ఆట ముగిసేదాకా నా పక్కనే ఉన్నాడు.

ఇక ఆసుపత్రి సంగతి. ఆ పొద్దున ఆయనకు ఊపిరి భారమైంది. మేనకోడలు బయటికి వచ్చి, "మామా, నాన్న నిన్నే అడుగుతుండు," అంది. నా కాళ్ళు కదల్లేదు. అక్క కూడా అక్కడే ఉంది. వెళ్ళమనలేదు, వద్దనలేదు. చివరికి వెళ్ళాను. బావ మొహం మీది మాస్కు కొంచెం జరిపి, "వచ్చినవా? మంచిది. ఇగ చూద్దాం," అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. నర్సు వచ్చి మాస్కు సరిచేసింది. నేను ఇంకా అక్కడే ఉంటే ఏమవుతుందోనని బయటికి వచ్చి ఇంటికి బస్సెక్కాను.

ఏం చూద్దామన్నాడు? వేళాకోళమా, నా భయానికి పరీక్షా, లేక మనిషి మగతలో అనే మాటా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కొన్నిసార్లు ఆయన పద్ధతిలోనే ఆలోచిస్తాను. ఆయనకు బాగున్న రోజున నన్ను లోపలికి పిలవలేదు. ఊపిరి భారమయ్యాకే పిలిచారు. అంటే జరిగేది అప్పటికే షురూ అయింది, నేను తర్వాత వచ్చాను. అబ్బ, అర్థమైంది అనుకుంటాను. చాయ్ తాగి గ్లాసు కడిగేసరికి ఆ అర్థం మళ్ళీ చెయ్యి జారిపోతుంది. లెక్క బుర్రకు అందుతుంది. కానీ నా కాళ్ళకు చెప్పేదెవరు?

అక్కను అడగడానికి భయం. కర్మలన్నీ అయ్యేదాకా ఆమె నాతో దేని గురించీ ఎక్కువ మాట్లాడలేదు. తనూ అదే అనుకుంటోందేమోనని ఆమె మొహం చూసేవాణ్ణి కాదు.

మొన్న అక్కకు మందులు ఇవ్వడానికి అల్వాల్ వెళ్ళాను. అక్క ఒక్కతే మ్యాచ్ చూస్తోంది. ఓ మూలన కూర్చున్నాను. ఒక వికెట్ పడింది. ఇద్దరం టీవీనే చూస్తున్నాం. వెంటనే రెండోది. నేను లేచాను.

"ఏడికి?" అంది.

"బయటికి. రెండు పడ్డయ్ కదక్కా."

"పడనియ్. కూసో."

"అక్కా, ఆ రోజు నేను లోపలికి పోకుండుంటే..."

"నేనే పొమ్మంటి గద," అంది టీవీ వైపే చూస్తూ.

"నువ్వేమన్లే."

"నోటితోని అనలే. అనాలనుకున్న. ఆయన నిన్ను చూడాలన్నడు తమ్మీ. కూసో, మెడ నొస్తది నీ దిక్కు చూస్తే."

కూర్చున్నాను, ఈసారి ఆమె పక్కన. తర్వాతి బంతికే మూడో వికెట్ పడింది. నేను మళ్ళీ లేవబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. గాజులు నా చర్మానికి చల్లగా తగిలాయి. టీవీలో కొత్త బ్యాట్స్‌మన్ గ్లవ్స్ బిగించుకుంటూ ఎండలోకి నడిచి వస్తున్నాడు. గీత దగ్గర ఆగి ఒకసారి ఆకాశం వైపు చూశాడు, కళ్ళు చిట్లించి. అక్క ఇంకా నా చెయ్యి వదల్లేదు.