బావగారి జీపు పడవ

మొన్న డోర్నకల్‌లో రైలు మారి భద్రాచలం రోడ్డు వైపు వెళుతుంటే నాకు వెనక్కి ముఖం పెట్టుకుని కూర్చునే సీటు దొరికింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి, కాలేజీలో చదువుతున్నట్టుంది, నా తెల్లజుట్టు చూసి జాలిపడి, "ఆంటీ, మీరు ఇటొచ్చి కూసోండి. అట్ల వెనకకు పోతుంటే తల తిరుగుతది" అంది. నాకిదే బాగుందమ్మా అన్నాను. మర్యాదకు అంటున్నాననుకుని రెండోసారి కూడా అడిగింది. మూడోసారి అడగకుండా చెవుల్లో పాటలు పెట్టుకుంది. వెనక్కి ముఖం పెట్టుకుని ప్రయాణం చేయడం నాకు కొత్త కాదని, ఒకప్పుడు మా ఊరు ఊరంతా అట్లాగే వాగు దాటిందని ఆ పిల్లకు చెప్పాలంటే కొత్తగూడెం వచ్చేదాకా చెప్పాలి. పైగా అందులో ఒక తప్పు నాది. పరాయి పిల్లకు మొదటి పరిచయంలోనే తప్పులు ఒప్పుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

నేను పుట్టింది బోనకల్ దగ్గర. కాపురానికి వెళ్ళింది బూర్గంపాడు పక్క అడవి అంచు ఊరికి. ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి. రైలు కూతకు నిద్రలేచే అలవాటున్నదాన్ని, ఇప్పపూల కోసం ఎలుగుబంట్లు వచ్చే చోటికి వెళ్ళి పడ్డాను. మా అత్తవారి పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ మిరప, పొగాకు వేసి స్థిరపడ్డారు. భూమి మంచిది, మనుషులు మంచివాళ్ళు, మధ్యలో వాగొక్కటే చెడ్డది. ఎండాకాలం అందులో మోకాలి లోతు నీళ్ళుండేవి, జీపు ఇసుకలోకి దిగి దర్జాగా దాటేది. వానాకాలం గోదావరి పొంగిందంటే వాగు నీళ్ళకు పోవడానికి దారి ఉండేది కాదు. వెనక్కి ఎగదన్ని, రెండు నిలువుల లోతున చెరువులాగా నిలబడిపోయేవి. బస్సు రోడ్డు, దవాఖానా, మా ఆయన ఎరువుల కొట్టు అన్నీ అవతలి ఒడ్డునే. ఇవతల మాకు మిగిలేవి దోమలూ, మా బావగారి జీపూ.

బావగారంటే మా ఆయన అన్నగారు. ఎనిమిదో తరగతితో బడి మానేసి మిగతా చదువంతా జీపు కింద పడుకుని చదువుకున్న మనిషి. సైన్యం వాళ్ళు వేలం వేస్తే కొనుక్కొచ్చిన పాత జీపు అది. దానికి ఊళ్ళో ఎవరికీ లేని మర్యాద జరిగేది. వర్షం మొదలైతే ఆరేసిన బట్టలకంటే ముందు జీపు మీద పట్టా పడేది.

ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. సత్తుపల్లి ఆడపడుచు. నేను కాపురానికి వెళ్ళకముందు ఒక శ్రావణంలో ఆమెకు నొప్పులొచ్చాయి. జీపులో పడుకోబెట్టి రేవు దాకా తెచ్చారు. వాగు ఉరుకుతోంది, దోనె వేసే వీల్లేదు. రేవులో ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. దాని కింద జీపులోనే ఆమెను రెండు రోజులు ఉంచారు. నీళ్ళు నిలబడ్డాక, దోనె నడిపే కోయ తాత ఆమెను దోనెలో పడుకోబెట్టి అవతలికి చేర్చాడు. తీరా చేరాక అక్కడ బండి లేదు. జీపు ఇవతల ఉండిపోయింది. ఎడ్లబండి వెతికి దవాఖానాకు పోయేసరికి బిడ్డ దక్కలేదు.

అప్పటి నుంచి మృగశిర కార్తె వస్తూనే అక్క పుట్టింటికి వెళ్ళిపోయేది. దీపావళి దాటాక వచ్చేది. వానాకాలం బ్రహ్మచారి అని బావగారిని ఊళ్ళో ఆటపట్టించేవాళ్ళు, ఆయనా నవ్వేవారు. కానీ నేను వెళ్ళిన ఏడాది ఆమె వెళ్ళేటప్పుడు గడప దగ్గర నిలబడి ఒకే మాట అంది. "ఈ వాగుకు ఏదో ఒక దారి చూడు. దారి చూసినాకనే నన్ను పిలువు. దీపావళి అయినా సరే, సంవత్సరమైనా సరే." గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆ రోజు బావగారు నవ్వలేదు.

మర్నాడే ఆయన పొయ్యిలోంచి బొగ్గు తీసుకుని వరండా గచ్చు మీద బొమ్మ గీశారు. పడవ ఒక్కటీ చాలదని ఆయన వాదన. "మనిషిని దాటిస్తే ఏం లాభం? అవతల బండి కావాలె గదా. బండి పడవ మీద ఎక్కాలె, ఆ బండే పడవను తోలాలె, ఒడ్డు తగలంగనే దిగి రోడ్డు పట్టుకొని పోవాలె" అని మా అత్తగారికి చెప్పారు. ఆవిడ తల ఊపి చిక్కుడుకాయలు తుంచుకుంది. బొమ్మ సులువుగానే అర్థమయ్యేది. కింద ఖాళీ డీజిల్ పీపాలు రెండు వరుసలు, వాటి మీద దూలాలు, తడికలు. ఒక చివర పాత చెరకు గానుగ నుంచి ఊడదీసిన ఇనుప రోలర్లు. జీపు వెనక చక్రాలు ఆ రోలర్ల మీద కూర్చుంటాయి. గేరు వేస్తే చక్రాలు రోలర్లను తిప్పుతాయి, రోలర్ల చివర బిగించిన చెక్క తెడ్లు నీళ్ళను తోస్తాయి.

పీపాలు ఎన్ని కావాలన్నది లెక్క. ఇంట్లో ఇంటర్ దాకా చదివింది నేనొక్కదాన్నే. మా అత్తింట్లో ఒక పద్ధతి ఉండేది. తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. కాబట్టి ఆయన వరండాలో, నేను తలుపు వెనక, మధ్యలో మా అత్తగారు టెలిఫోను. "ఏమేవ్, పీపా ఎంత బరువుకి మునుగుతుందో చెప్పమంటున్నాడు" అని ఆవిడ ఇటు తిరిగి అనేది. ధాన్యం బస్తాలు ఒక్కొక్కటే పెట్టి చూడమనండి అత్తయ్యా అని నేను. ఆయన రెండడుగుల దూరంలో ఉండి నా మాట విని కూడా, ఆవిడ మళ్ళీ చెప్పేదాకా వినబడనట్టే ఆకాశం వైపు చూసేవారు. బోరు తొట్టిలో పీపా వేసి బస్తాలెత్తి, అట్లా మేమిద్దరం ముఖాలు చూసుకోకుండానే పదహారు పీపాలని తేల్చాం. నేను ఇంజనీరునైపోయానని నాకు లోపల్లోపల గర్వం కూడా వచ్చింది.

నా తప్పు ఇక్కడే ఉంది. మా పుట్టింట్లో చెరకు గానుగ ఉండేది. ఒక రోలరు ఇటు తిరిగితే దాన్ని ఒరుసుకునే రోలరు అటు తిరుగుతుందని చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. జీపు చక్రం ముందుకు తిరిగితే కింద రోలరు వెనక్కి తిరగాలి. అప్పుడు తెడ్లు కూడా తిరగబడి పడవను ఇంటివైపే తోయాలి. గచ్చు మీద బొమ్మ తుడుస్తూ ఈ సంగతి పసిగట్టాను. అత్తగారితో, "అత్తయ్యా, రోలరు ఎదురు తిరుగుతుందేమో అడగండి" అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. "వాడు పెళ్ళాం కోసం కష్టపడి కడుతుంటే ఎదురు తిరగడం ఏవిటే? ఆ మాట నేను చెప్పను" అంది. టెలిఫోను తీగ తెగింది. నేను ఒక చీటీ రాసి జీపు సీటు మీద పెట్టి ఉండవచ్చు. మా ఆయన వచ్చినప్పుడు చెప్పి ఉండవచ్చు. కొత్త కోడలికి తెలివితేటలు ఎక్కువంటారేమోనని భయపడి నోరు మూసుకున్నాను. ఒక మనిషి సంసారం కంటే నా మంచిపేరు ఎక్కువనుకున్నాను, అంతే.

నెల తిరిగేసరికి పడవ తయారైంది. దోనె తాత చుట్టూ తిరిగి చూసి, "మంచిగనే ఉంది పటేలా. గని తాడు కట్టు. తాడు లేకుంటే వాగు నీ జీపును గోదారికి అప్పజెప్తది" అన్నాడు. మద్దిచెట్టు నుంచి అవతలి ఒడ్డుకు ఇనుప తాడు లాగారు. ఆ తాడుకు కప్పీతో తగిలిస్తే పడవ దారి తప్పదు. గోదావరి పొంగి, వాగు నిలబడ్డ రోజు చూసుకుని బావగారు సత్తుపల్లికి కబురు పంపారు. వచ్చి ఒడ్డున నిలబడి చూడు, నచ్చకపోతే అటునుంచి అటే పో అని. అక్కను మా ఆయన తీసుకొచ్చారు.

అవతలి ఒడ్డున ఆమె నీలం చీర కనపడుతోంది. ఇవతల ఊరంతా ఉంది. బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని జీపును పడవ మీదికి ఎక్కించారు. వెనక చక్రాలు రోలర్ల మీద కూర్చున్నాయి, ముందు చక్రాలకు గొలుసు వేశారు. దోనె తాత గడ పట్టుకుని నిలబడి పడవను పది బారలు లోపలికి నెట్టాడు. బావగారు మొదటి గేరు వేశారు. తెడ్లు నీళ్ళు చిమ్మాయి, పడవ కదిలింది. జీపు ముఖం అక్క వైపు పెట్టుకుని, నెమ్మదిగా, గౌరవంగా, వెనక్కి వచ్చి మా ఒడ్డు బురదలో కూర్చుంది.

జనం నవ్వారు. నవ్వకుండా ఎట్లా ఉంటారు, నాకే వచ్చింది. ఆయన రివర్సు గేరు వేశారు. చక్రాలు రోలర్ల మీది నుంచి దూలాల మీదికి ఎక్కబోయి జీపు ఎగిరిపడింది. వెంటనే ఆపేశారు. ఇంజను ఆగిన నిశ్శబ్దంలో ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. అవతల నీలం చీర రోడ్డు వైపు తిరిగింది.

అప్పుడు నేను జనంలోంచి రేవులోకి దిగి, చీర తడుస్తున్నా ఆగకుండా, "బావగారూ, జీపును దించకండి. పడవనే ఇటు నుంచి అటు తిప్పించండి. మీ ముఖం మన ఊరి వైపు ఉండాలి. అప్పుడు మొదటి గేరు వేస్తే పడవ అటు పోతుంది" అన్నాను. ఆ ఇంటికి కాపురానికి వచ్చాక ఆయనతో నేను నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావగారు నా ముఖం చూశారు. అదీ మొదటిసారే. "నీకు ముందే తెలుసా అమ్మాయ్?" అన్నారు. తెలుసన్నాను. కోప్పడలేదు. "మరి చెప్పరాదూ" అని, తాత వైపు తిరిగి, "తాతా, పడవ మలుపు" అన్నారు.

తాత కప్పీ ఊడదీసి, గడతో పడవను గుండ్రంగా తిప్పి, మళ్ళీ తగిలించాడు. ఈసారి జీపు మమ్మల్ని చూస్తూ అవతలికి పోయింది. అంత పెద్దమనిషి, ఎటు పోతున్నాడో చూడకుండా, మా అందరి ముఖాలూ చూస్తూ పెళ్ళాం దగ్గరికి వెళ్ళాడు. ఒడ్డు తగిలాక జీపు వెనక్కి దిగి, బురద చిమ్ముకుంటూ రోడ్డు దాకా పోయి, హారన్ కొట్టి తిరిగొచ్చింది. అక్క చూడాల్సింది అదే. ఆ తరవాత ఆ ఒడ్డున ఏం మాటలు జరిగాయో మాకు వినబడలేదు. చాలాసేపు జరిగాయి. చివరికి తాత పడవను మళ్ళీ తిప్పాడు, జీపు ముఖం రోడ్డు వైపే ఉంచి వెనక్కి పడవ ఎక్కింది, ముందు సీట్లో నీలం చీర ఉంది. పడవ తిరిగి మా వైపు వస్తుంటే మాకు అక్క వీపే కనపడింది. ఆమె కళ్ళు సత్తుపల్లి రోడ్డు మీదే ఉన్నాయి. పడవ మద్దిచెట్టు కింద ఆగాక తల తిప్పి చుట్టూ చూసింది.

ఆ పడవ ఐదారు వానాకాలాలు పనిచేసింది. రోలర్లను సరిచేసి ముందుకు నడిచేట్టు చేస్తానని బావగారు ఏటా అనేవారు, ఏటా అక్క వద్దనేది. రెండేళ్ళ తరవాత ఒక శ్రావణంలోనే ఆమెకు మళ్ళీ నొప్పులొచ్చాయి. జీపు వాగు దాటి, ఒడ్డెక్కి, ఆగకుండా దవాఖానాకు పోయింది. ఆడపిల్ల పుట్టింది. కొన్నాళ్ళకు వంతెన వచ్చింది. పీపాలు విత్తనాలకు పనికొచ్చాయి, రోలర్లు పాత ఇనుములో కలిశాయి. మద్దిచెట్టుకు ఇనుప తాడు ఒరిపిడి గుర్తు మాత్రం నడుం చుట్టూ ఉండిపోయింది.

ఒక వేసవిలో అక్కా నేనూ కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. నాలో ఎన్నాళ్ళుగానో ఉన్నది బయటపెట్టాను. ముందే చెప్పి ఉంటే బావగారు నలుగురిలో నవ్వులపాలు కాకుండా ఉండేవారు అక్కా, తప్పు నాదే అన్నాను. అక్క చేతిలో కాయ కింద పెట్టింది. "నువ్వు చెప్పకపోవుటే మంచిదైంది" అంది. "ముందుకు చూసుకుంట వచ్చేదాన్నైతే ఆ చెట్టు ఎదురుగనే కనపడేది. దాని కింద రెండు దినాలు కూసున్నదాన్ని. సగం దూరంలనే తిప్పమనేదాన్ని, మళ్ళ రాకపోయేదాన్ని. మా నాయన ఊరి రోడ్డు చూసుకుంట కూసున్న. ఒడ్డు తగిలినాక గని తెల్వలేదు, వచ్చేసిన్నని." మళ్ళీ కాయ తీసుకుని తొడిమ తీసింది.

అక్క ఈ మాఘంలో పోయింది. నేనప్పుడు ఆసుపత్రిలో ఉండి కడచూపుకు వెళ్ళలేకపోయాను. వెళ్ళగలిగే ఓపిక వచ్చాక కూడా మూడు నెలలు ఏవో సాకులు చెప్పాను. ఆమె లేని వరండాలో ఎట్లా అడుగు పెట్టాలో తెలియక. మొన్న రైల్లో వెళ్ళింది ఆ ఊరికే. శ్రావణంలో పుట్టిన ఆ పిల్ల, ఇప్పుడు తనకూ ఇద్దరు పిల్లలు, స్టేషనుకు కారు తీసుకుని వస్తానంది. ఎదురు సీటు అమ్మాయి అడిగినప్పుడు లేవకపోవడానికి కారణం ఇదీ. కిటికీలో పొలాలు, పత్తిచేలు, దాటిపోయిన స్టేషన్లు ఒక్కొక్కటే నా ఎదుట నుంచి దూరం జరుగుతుంటే వాటినే చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా చూస్తూ దిగలేని ఒడ్లు వయసుతో పాటు పెరుగుతాయి. కాలానికి దయ ఉందని నేననను గానీ, మనల్ని మాత్రం వెనక్కి తిప్పి కూర్చోబెట్టే దాటిస్తుంది.