వలందపాలెం విశాలాక్షిగారు

కొత్త అద్దకం చీర మడత విప్పితే కరక్కాయ వాసన వస్తుంది. మొన్న మా కోడలు విజయవాడలో కొని తెచ్చిన చీర విప్పగానే గదంతా అదే వాసన. "ఒకసారి ఉతికితే పోతుందిలెండి అత్తయ్యగారూ" అంది పాపం. పోకపోతేనే నాకిష్టమని తనకేం తెలుసు? ఆ వాసనతో నాకు మా బందరు గుర్తొస్తుంది, బందరుతోపాటు మా పంతులమ్మ విశాలాక్షిగారూ గుర్తొస్తారు.

పంతొమ్మిదివందల నలభైలలో ఆవిడ మా ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పేవారు. మనిషి సన్నం, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. పుస్తకంలోని రాజులను గబగబా దాటించేసి మా ఊరి మీద పడేవారు. ఒకరోజు, "మన బందరు వలందపాలేనికి ఆ పేరెలా వచ్చిందర్రా?" అని అడిగారు. నేను చటుక్కున లేచి, "వలల వల్లనండీ. పూర్వం ఇక్కడ వలలు అల్లేవాళ్లు ఉండేవాళ్లు" అన్నాను. సముద్రం పక్కన ఊరాయె, ఎటు చూసినా ఆరేసిన వలలే. క్లాసంతా నా తెలివికి తలూపింది. ఆవిడ నవ్వి, "బాగానే అల్లావు" అన్నారు.

ఆ సాయంత్రమే మమ్మల్ని పాత సమాధుల దగ్గరకు నడిపించుకెళ్లారు. రాతిపలకల మీది వింత అక్షరాలను మా వేళ్లతో తడిమించారు. "వీళ్లు హాలండు వాళ్లు. మన నోరు తిరక్క వలందలన్నాం. ఇక్కడో చిన్న ఊరే కట్టుకున్నారు. ఎందుకొచ్చారనుకున్నారు? మన అద్దకం గుడ్డల కోసం" అన్నారు. మా నాన్నది అద్దకం బట్టల వ్యాపారమే. ఇంటికి రాగానే కొట్టులోకి వెళ్లి, రోజూ చూసే తానులనే కొత్తగా చూశాను. మా గుడ్డకు అంత దూరాన పేరుందని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పరాయి పేర్లున్న పేటలన్నిటికీ మన పేర్లు పెట్టించాలని ఊరి పెద్దలు అర్జీ తయారుచేయబోయారు. పేరు పోతే కథా పోతుందని విశాలాక్షిగారు ఇల్లిల్లూ తిరిగి బతిమాలారు. ఎవరూ చెవిన పెట్టలేదు. సమావేశానికి నేనూ నాన్న వెంట వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఒక్కొక్క పేరే కొట్టేస్తూ మా పాలెం దగ్గరకు వచ్చారు. అద్దకం పనిలోనే తల నెరిసిన ఒక పెద్దాయన, "అది మన పేరేనండీ. వలలల్లేవాళ్ల పాలెం. దాని జోలికెందుకు?" అన్నాడు. అందరూ సరేనన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇక ఆవిడ పెదవి కదపకపోతే చాలు, పేరు దక్కినట్టే.

ఆవిడ లేచారు. "కాదండీ. ఆ పేరు వలల వల్ల రాలేదు, హాలండు వాళ్ల వల్ల వచ్చింది."

"అయితే తీసెయ్యాల్సిందేగా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"వద్దనే అంటున్నానండీ. మీ తాతలు అద్దిన గుడ్డ కోసం వాళ్లు అన్ని సముద్రాలు దాటొచ్చారు. కొందరు ఇక్కడి మట్టిలోనే కలిశారు. ఆ పేరు మనకు సిగ్గో గొప్పో మీరే చెప్పండి."

పెద్దాయన రంగు వదలని తన వేళ్లకేసి చూసుకున్నాడు. "ఉండనివ్వండి" అన్నాడు చివరకు. పెద్దలు ఆ పేరు కొట్టెయ్యకుండా తర్వాతి పేటకు వెళ్లారు. మా పంతులమ్మను చూసి నేను అంతగా గర్వపడిన రోజు మరొకటి లేదు.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "మీరు ఊరుకున్నా పేరు నిలిచేది కదండీ?"

"నిలిచేదే. మీ తాతల సంగతే పోయేది" అన్నారు.

తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను, చాలా ఊళ్లు తిరిగాను. ఇప్పటికీ మా ఊరి గురించి ఎవరైనా లేని గొప్ప ఒకటి చెబుతారు. వినడానికి హాయిగానే ఉంటుంది, మావాళ్లంతా ఊరుకోమని సైగ చేస్తారు. నేను లేచి, "కాదండీ" అంటాను.