అక్క రిజిస్టర్‌లో రాసిన మాట

మా అక్కకి అబద్ధమంటే ఒంటికి పడదు. పెళ్లికి ముందు మా ఆయన్ని కూర్చోబెట్టి, "ఇది గురక పెడుతుంది బాబూ, బాగా ఆలోచించుకో" అని చెప్పిన మనిషి! ఆరోజు పళ్లు నూరుకున్నాను. అక్క మా చర్చి కన్యస్త్రీలు, అదే సిస్టర్లు, నడిపే ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా ఆపరేషన్ థియేటర్ నర్సు. ఏ ఆపరేషన్ ఎందుకు చేశారో రిజిస్టర్‌లో రాసేది తనే.

అక్కడ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చెయ్యరు. దేవుడిచ్చేదానికి అడ్డుపడకూడదని తిరుసభ, అంటే మా కేథలిక్ చర్చి, మాట. అక్కకి ఆ మాటంటే మాటే. నాకు మూడో కాన్పు దగ్గరపడేసరికి గుండెజబ్బు బయటపడింది. మళ్లీ కడుపొస్తే బతకనన్నారు, ఇంకోసారి మత్తివ్వడం కూడా ప్రమాదమేనన్నారు. ఈ కాన్పులో కోసినప్పుడే ట్యూబులు కూడా తీసేయించుకుందామని ఊరవతల పెద్దాసుపత్రిలో అన్నీ మాట్లాడుకున్నాం. ఏం లాభం? నెల ముందే నొప్పులొచ్చాయి. అందుబాటులో ఉన్నది అక్క ఆసుపత్రే. లోపలికి తీసుకెళ్లేముందు నేనూ మా ఆయనా డాక్టర్ గారి కాళ్లావేళ్లా పడ్డాం. ఆయన ఔననలేదు, కాదనలేదు.

మత్తు నడుం కిందకే. చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయి. పాప ఏడుపు విన్నాను, ఆ తర్వాత డాక్టర్ గారి గొంతు.

"ట్యూబులకి జబ్బుంది, అందుకే తీసేశామని రాస్తావా అమ్మా? రాస్తానంటే తీసేస్తాను. లేదంటే ఇలాగే కుట్టేస్తాను."

ఆయన అడిగింది అక్కని. మధ్యలో తెర, తన మొహం కనబడదు. దండం పెడదామంటే నా చేతులు బల్లకి కట్టేసున్నాయి. "అక్కా!" అన్నాను.

"రాస్తాను. తీసెయ్యండి" అంది.

నెల తిరక్కుండా నేను గుళ్లో ఫాదర్ గారి దగ్గర పాపం ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వెళ్లాను. చేయించుకున్నదీ, అక్క చేత రాయించిందీ అంతా చెప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఫాదర్ గారు మంచాయన, మన్నింపు ఇచ్చారు.

అక్క కూడా వెళ్లింది. "చేసినదానికి బాధపడుతున్నావా తల్లీ?" అని అడిగారట. లేదందట మా మహాతల్లి! "పశ్చాత్తాపం లేకుండా నేనెలా మన్నించనమ్మా?" అని పాపం ఆయనే కుమిలిపోయారట. ఇలా ఆరేళ్లు.

ఉద్యోగం మానదు, గుడి మానదు. ప్రతి ఆదివారం మా బెంచీలో అందరం ఫాదర్ గారిచ్చే దివ్యసత్ప్రసాదానికి లేస్తాం; మన్నింపు లేనిదే అది తీసుకోకూడదు గనక అక్క ఒక్కతే కూర్చుండిపోతుంది. మేం దాటడానికి మోకాళ్లు పక్కకి తిప్పుకుని దారిస్తుంది. గుడంతా చూస్తుంది. కారణం చెబితే డాక్టర్ గారి ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఏం పాపం చేసిందోనని గుసగుసలు.

మొన్న నాకు ఒళ్లు మండిపోయింది. "బాధపడుతున్నానని ఒక్క ముక్క అనేస్తే నీ సొమ్మేం పోతుందక్కా? ఎన్నాళ్లిలా?" అన్నాను.

పాపకి జడ అల్లుతోంది. చెయ్యి ఆపలేదు.

"బాధ కలిగించమని రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నానే. నువ్వు కళ్లెదుట తిరుగుతుంటే ఎలా కలుగుతుంది?"