గడ్డం పుణ్యాన అంపైరు

మా ఆవిడ కడుపుతో ఉందని తెలియగానే గుంటూరు నుంచి అత్తగారు ఫోన్ చేసి, పురుడయ్యేదాకా నేను గడ్డం గీయకూడదని ఆర్డరు వేశారు. సరేనన్నాను. దేశం కాని దేశంలో మేముండే పేట పెండిల్ హిల్‌లో క్రికెట్ క్లబ్బులో చేరేనాటికే నా ముఖంలో ముక్కు, కళ్ళు మాత్రమే మిగిలాయి.

కాలేజీలో నేను ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌ని. ఇక్కడా అదే పని చేద్దామని చేరాను. మేం ఆడే కింది గ్రేడు పోటీలకి వేరే అంపైర్లు రారు, బ్యాటింగ్ చేసే జట్టువాళ్ళే వంతులవారీగా నిలబడాలి. ఆ వంతు ప్రతి శనివారం నాకే వచ్చేది. ఆఖర్న బ్యాటింగుకి దిగే పదకొండో నంబరు వాడికి ఇంకేం పని అనేవాడు, నన్ను అక్కడికి తోసేసిన కెప్టెన్. సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే మనిషి, అందర్నీ మేట్ అనే పిలిచేవాడు. నా పేరు ఒక్కసారీ అడగలేదు.

క్లబ్బు గోడ మీద వ్యవస్థాపకుడి ఫోటో ఉండేది. వీళ్ళు బార్బీ అనే బార్బెక్యూ పొయ్యి దగ్గర మాంసం తిప్పుతూ ప్రెసిడెంటు ఆయన చరిత్ర చెప్పాడు. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన కసాయి. ఈ దేశం ఇంకా బ్రిటిష్ కాలనీగా ఉన్న రోజుల్లో కాలనీ జట్టుకి ఒకే ఒక్క మ్యాచ్ ఆడి సున్నాకి అవుటయ్యాడు. ఆ ఘనతతోనే క్లబ్బు పెట్టాడు. ఓసారి అంపైరుగా నిలబడి సొంత కెప్టెన్‌ని ఎల్బీడబ్ల్యూ ఇచ్చాడు. ఆ కెప్టెన్ మళ్ళీ ఆయన్ని బ్యాటు పట్టనివ్వలేదు. మిగతా జీవితమంతా అంపైరు కోటులోనే గడిచిపోయింది. వాళ్ళు దీన్ని నిజాయితీ అని పొగుడుతుంటే, నాకు మాత్రం భయం వేసింది.

క్లబ్బుకి నూరేళ్ళు నిండాయి. కెప్టెన్ ఫోటోని చూశాడు, నన్ను చూశాడు. అదే గడ్డం. పండగ మ్యాచ్‌లో నేనే ఆ కసాయి దొరగా అంపైరింగ్ చేయాలట. వేషం బాగా కడితే వచ్చే సీజన్‌లో ఓపెనింగ్ ఇస్తానన్నాడు. తనని మాత్రం అవుటివ్వొద్దని, ఇదంతా సరదాకేనని కన్ను కొట్టాడు.

"ఆ దొర కోసం కాదండీ పెంచింది, మన బిడ్డ కోసం. బీరు ఒలకబోసుకోకండి," అంది మా ఆవిడ.

పొడుగు టోపీ, తెల్లకోటు వేసుకుని నిలబడ్డాను. బంతి వచ్చి కెప్టెన్ ప్యాడ్‌కి, సరిగ్గా మిడిల్ స్టంప్ ముందు తగిలింది. అవతలి జట్టంతా అరిచింది. కోరుకున్న ఓపెనింగ్ కళ్ళ ముందు కదిలింది. సీజనంతా ఎండలో నిలబెట్టిన సంగతీ గుర్తొచ్చింది. వేలెత్తేశాను. నిజాయితీ అని చెప్పను, అందులో సగం కసే. జనం ఇదీ నాటకంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. కెప్టెన్ నవ్వుతూనే నా పక్కకి వచ్చాడు.

"ఈ క్లబ్బులో నువ్వు జన్మలో బ్యాటు పట్టవు, మేట్."

పాప పుట్టింది. గడ్డం గీసేశాను. చలికాలమంతా క్లబ్బు వైపు వెళ్ళలేదు. వసంతంలో మొదటి ప్రాక్టీసుకి, తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. కెప్టెన్ ఎదురొచ్చి చెయ్యి కలిపాడు.

"కొత్తగా వచ్చావా మేట్? ఏం ఆడతావు?"

సీజన్ పొడుగునా ఈ మనిషి నా ముఖంలోకి ఒక్కసారైనా చూడలేదని ఒళ్ళు మండిపోయింది. ఓపెనింగ్ అని చెప్పి, ప్యాడ్లు కట్టుకున్నాను.