మంత్రసాని ఫిబ్బా ధర

కరోలినాలో ఒక వరిపొలాల యజమాని పోయాడు. ఇద్దరు కొడుకులు ఎడ్లనీ, పడవల్నీ, బానిసల్నీ సమానంగా పంచుకోవాలి. ధరలు కట్టడానికి పొరుగు పొలం గెయిలార్డ్ దొర వచ్చాడు. న్యాయానికి పెట్టింది పేరు. ఎద్దుకైనా మనిషికైనా పళ్లు చూడనిదే ధర రాయడు.

వరుసలో నిలబడ్డవాళ్లలో సగం మందికి బొడ్డు కోసింది ముసలి ఫిబ్బాయే. నెలలు నిండిన ఆమె కూతురు సిల్వీకి కడుపుతో కలిపి తొమ్మిది వందల డాలర్లు పలికింది. సిల్వీ పోయిన యజమాని పెద్దకొడుకు వాటాలోకి వెళ్లింది. చిన్నకొడుకు పొలం నాలుగు రోజుల ప్రయాణం. ఫిబ్బా బోసినోరు చూసి దొర సున్నా రాశాడు.

సున్నా అనేసరికి ఫిబ్బాకు ప్రాణం లేచొచ్చింది.

"దొరా, సున్నాని ఎటు కలిపినా లెక్క చెడదు కదా! నన్ను నా కూతురి వైపు పడెయ్యండి. కాన్పు చేసుకుంటాను."

"ఓసి నీ దుంపతెగ! లెక్కలెవరు నేర్పారే నీకు?"

"పొద్దుట్నించీ గట్టిగా చదువుతోంది మీరే కదా, బాబూ!"

దొర పకపకా నవ్వి కాగితం మళ్లీ చూశాడు. చిన్నవాడి వాటాకు నలభై డాలర్లు తక్కువై పొద్దుటినుంచీ తల పట్టుకున్నాడాయన.

"ఇంత బుర్రున్నదానికి సున్నా ఏమిటి, అన్యాయం కదూ!" అని సున్నా కొట్టేసి నలభై వేశాడు.

వాటాలు సరిపోయాయి. అన్నదమ్ములు దొర న్యాయాన్ని మెచ్చుకున్నారు. చిన్నవాడి బండి మలుపు తిరిగేదాకా ఫిబ్బా అందులోంచి కూతురికి కాన్పు జాగ్రత్తలు అరిచి చెబుతూనే ఉంది.