ఆదాము తొడిగిన చొక్కాలు

మా ఆదాము ఎవరి బొమ్మ గీసినా చొక్కా తొడిగి గానీ వదిలేవాడు కాదు. తిరుమలాయపాలెంలో సగం మంది రైతులకు కాలరున్న చొక్కా మొదటిసారి దొరికింది ఆదాము కాగితం మీదే. పొలంలో గోచీతో ఉన్న మా నాన్నకైతే ఏకంగా కోటే తొడిగాడు. ఎందుకురా అంటే, చలికాలం గదా అన్నాడు.

ఇద్దరం పట్నంలో చిత్రకళ డిగ్రీ చదివేవాళ్లం. అక్కడ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎముకలూ కండలూ తెలిసేలా గీయాలి. మా వెంకటరామారావు సారు ఆ మనిషి చొక్కా విప్పిస్తే, మావాడు కాగితం మీద మళ్లీ తొడిగేవాడు, బొత్తాలతో సహా. సారు పక్కటెముకలు లెక్కపెట్టబోతే జేబు తగిలేది. జేబులో పెన్ను కూడా ఉండేది. వీడికి ఎముకలు గీయడం రాదు, అందుకే గుడ్డ కప్పేస్తున్నాడని క్లాసంతా తీర్మానించింది. నేనూ చెయ్యెత్తాను. ఆ పేపరు వాడు రెండుసార్లు తప్పాడు.

1984లో చివరి పరీక్షకు మమ్మల్ని భద్రాచలం తీసుకెళ్లారు. నెల రోజులుండి, ఒక్కొక్కరం ఒక్కో మనిషిది నిలువెత్తు బొమ్మ గీయాలి. ఆఖరి రోజు ఊరందరికీ చూపించాలి. ఆదాముకు దుమ్ముగూడెం అడవిలో వెదురు కొట్టే బొజ్జయ్య దొరికాడు. దూరం నుంచే ఎముకలు లెక్కపెట్టుకోదగ్గ మనిషి.

ఈసారి ఎముకలు కనపడకపోతే సున్నా వేస్తానని, డిగ్రీ మర్చిపొమ్మని సారు ముందే చెప్పేశాడు. ఊళ్లో వాళ్లమ్మ ఇన్నమ్మేమో కొడుకు డిగ్రీ పట్టా కోసం అప్పుడే అద్దాల ఫ్రేము కూడా కట్టించి పెట్టుకుంది. నాకు భయమేసి, ఈ ఒక్కసారికి చొక్కా మానమని వాణ్ణి బతిమాలాను.

"నన్నెందుకు, తాతనే అడుగు," అన్నాడు ఆదాము.

బొజ్జయ్య నింపాదిగా చెప్పాడు. "మా బిడ్డను ఇచ్చింది ఈ భద్రాచలానికే. బొమ్మలు సూడ వియ్యంకుడొస్తడు. ఇంటికాడ ఎట్లనన్నా ఉంటం గని, వియ్యంకుని ఊరికి అంగీ లేకుండ యాడ పోతం? అడిగి తెచ్చుకోనన్నా ఏస్కపోతం."

బొమ్మ గోడకెక్కాక ఎవరెవరు చూస్తారో ఆదాము మొదట్లోనే అడిగి తెలుసుకుంటాడట, అందరి దగ్గరా. మా నాన్న కోటు సంగతి నాకప్పుడు తట్టింది. ఆ ఏడు మా అక్కను చూడవచ్చిన పెళ్లివారు కూర్చున్నది ఆ బొమ్మ కిందే. చెయ్యెత్తినందుకు నాకు నిజంగా సిగ్గేసింది.

ఆఖరి రోజు సారు ఎర్ర పెన్సిల్ పట్టుకుని వచ్చాడు. బొమ్మలో బొజ్జయ్య పొడుగు చేతుల తెల్ల చొక్కాతో గోదావరిలో మునిగి, అప్పుడే గట్టెక్కి నిలబడ్డాడు. తడి గుడ్డ ఒంటికి అంటుకుపోయి, లోపల మెడ ఎముక దగ్గర్నుంచి ఒక్కటీ తప్పకుండా కనిపిస్తున్నాయి. సారు లెక్కపెట్టాడు. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాడు.

"ఇన్నేండ్లూ ఇవన్నీ యాడ దాచినవురా?"

"అంగీ లోపట్నే సార్."

క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వాడికే వచ్చాయి. సాయంత్రం వియ్యంకుడు వచ్చి, అంగీ మంచిగున్నదని తల ఊపి వెళ్లాడు. బొజ్జయ్య మాత్రం తన బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"అంతా మంచిగనే ఉన్నది గని, తడి అంగీతోని నిలబెట్టినవేంది బిడ్డా? సర్ది చేస్తది."

ఆదాము వెంటనే పెన్సిల్ తీసి, బొమ్మ భుజం మీద పొడి తువ్వాల ఒకటి వేశాడు. సారు అది చూసి, ఎర్ర పెన్సిల్ జేబులో పెట్టేసుకున్నాడు.