మావయ్యగారి బ్యాడ్జీలు, జీడిపప్పు ఏరిన నా చేతులు

నిన్న పొద్దున్న నేను కంచిలిలో మా అమ్మ దగ్గర ఉన్నాను.

మా ఆయన ఫోన్ చేసి "నాన్న పోయారే" అన్నారు.

నమ్మలేదు. మొన్న సాయంత్రమే కదా మావయ్యగారు ఫోన్‌లో మా అమ్మతో నవ్వుతూ మాట్లాడారు. "మా కోడల్ని బేగి పంపించండి, నాకు పనుంది" అన్నారు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

అత్తారిల్లు ఉన్న కాశీబుగ్గ వచ్చేదాకా బస్సులో షాక్‌లోనే కూర్చున్నాను.

ఈ పోస్ట్ నన్నే రాయమన్నారు మా ఆయన. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మావయ్యగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైర్ అయ్యారని మీకు తెలుసు. ఆయన పిచ్చి కూడా తెలుసు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో గుర్రపు సైనికులు టోపీలకు పెట్టుకున్న ఇత్తడి బ్యాడ్జీలు. డ్యూటీ మీద వెళ్ళిన ఊళ్ళలో పాత సామాన్ల కొట్లు వెతికి తెచ్చేవారు.

ఒకదాని మీద పుర్రె బొమ్మ ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన రోజు అత్తయ్య దాన్ని చూసి గొడవ.

"కొత్త కోడలొచ్చిన ఇంట్లో పుర్రెలేటి? తీసీండి!"

"పుర్రె కాదే, పౌరుషం" అన్నారాయన.

యోమన్రీ అనే దళాల బ్యాడ్జీలంటే ఆయనకు మరీ ఇష్టం. ఇంగ్లాండు పల్లెల్లో రైతులే సొంత గుర్రాలతో వచ్చి చేరేవారట. "మన ఉద్దానం జీడితోటల రైతులకి గుర్రాలుంటే మనదీ ఒక యోమన్రీయే. టోపీ మీద జీడిపండు బొమ్మ" అనేవారు.

అంత గుర్రాల పిచ్చి ఉన్న మనిషి, టెక్కలి పెళ్ళిలో పెళ్ళికొడుకు గుర్రం కాస్త పక్కకి తిరిగేసరికి ఆడవాళ్ళ వెనక్కి వెళ్ళి దాక్కున్నారు.

"ఏటి మావా, నీ గుర్రమే కదా!" అని అందరూ ఒకటే నవ్వు.

"నాది ఇత్తడిది. కరవదు" అన్నారు.

ఇక నా సంగతి.

పెళ్ళికి ముందు నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేసేదాన్ని. నిండు పప్పు ఒక కుప్ప, బద్ద ఒక కుప్ప, ముక్క ఒక కుప్ప. కళ్ళతో చూడక్కర్లేదు, వేళ్ళకే తెలిసిపోతుంది.

పెళ్ళయ్యాక మావయ్యగారి ముందు నోరు విప్పేదాన్ని కాదు. మా ఇంట్లో అలాగే పెంచారు. ఏది అడిగినా తల ఊపడమే.

మొదటి ఏడాది ఒకరోజు ఆయన బ్యాడ్జీలన్నీ పేపరు మీద పోసి, ఎవరో పిలిస్తే బయటికి వెళ్ళారు. దుమ్ము పడుతుంది, సర్దమంది అత్తయ్య. కూర్చున్నాను. చేతులు వాటంతట అవే ఏరడం మొదలుపెట్టాయి. అచ్చు గుద్దినవి అంచులు పదునుగా, గీతలు స్పష్టంగా ఉన్నాయి. పోత పోసినవి మొద్దుగా, సన్నటి గుంతలతో ఉన్నాయి. రెండు కుప్పలు చేశాను.

మొద్దు కుప్పలో ఆయన పరుగెత్తే గుర్రం బ్యాడ్జీ కూడా పడింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు చూపించేది అదే.

ఆయన వచ్చి చూశారు.

"ఎవులు సేసేరిది?"

"నీ కోడలే. ఏటైనా పోయిందా?" అంది అత్తయ్య.

ఆయన భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. అన్నానికి కూడా లేవలేదు.

నేను వంటింట్లో ఒకటే ఏడుపు. మా ఆయన ఒకరు, "నాన్న గుర్రాన్ని సంపీసేవంట కదే" అని.

మర్నాడు మావయ్యగారు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, గోడ వైపు చూస్తూ అన్నారు.

"అమ్మా, ఇన్నాళ్ళూ నాను పట్టుకోలేంది నువ్వు పట్టీసేవు. అది పోత పోసిన నకిలీదే కదా?"

తల ఊపాను.

"సేత్తో, తలతో కాదమ్మా. ఒక్కసారి నోటితో సెప్పు. తెలిసినోళ్ళు సెప్తే ఇనాలని ఉంటాది."

చెప్పలేకపోయాను.

ఆ రోజు నుంచి ఏ బ్యాడ్జీ వచ్చినా ముందు నా దగ్గరికే. మంచిదైతే కుడి పక్క పెట్టేదాన్ని, నకిలీ అయితే ఎడమ పక్క. ఆయన పక్కనే కూర్చుని చరిత్ర చెప్పేవారు. లేచేముందు ప్రతిసారీ అడిగేవారు, "ఇవాళైనా నోటితో సెప్తావేటి?" నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఆయనా నవ్వేసి వెళ్ళిపోయేవారు.

నాలుగేళ్ళు అలాగే గడిచిపోయాయి.

నిన్న మధ్యాహ్నం బరంపురం నుంచి ఒక మాస్టారు వచ్చారు. ఆయనదీ ఇదే పిచ్చి. వాళ్ళిద్దరూ ఒక యోమన్రీ బ్యాడ్జీ గురించి ఎప్పటినుంచో పోట్లాడుకుంటున్నారట. మావయ్యగారు ఇమ్మనడం, ఆయన ఇవ్వననడం.

మాస్టారు రుమాలు విప్పి ఆ బ్యాడ్జీ తీశారు. ఇల్లంతా జనం.

"వీడి జేబులో పెడదామని తెచ్చాను. కానీ నకిలీదైతే వీడు అక్కడినుంచి కూడా నన్ను తిడతాడు. వీడు ఎప్పుడూ చెప్పే కోడలుగారెవరు? ఒకసారి చూడమ్మా" అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. చేతిలోకి తీసుకున్నాను. అంచు తడిమాను. వెనక్కి తిప్పి తడిమాను. కుడి పక్క పెడదామంటే అక్కడ మావయ్యగారే పడుకుని ఉన్నారు.

"అసలుదేనండి" అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు.

అత్తయ్య ఏడుపు ఆపి నా వీపు మీద చెయ్యి వేసింది.

"గట్టిగా సెప్పే. ఆయనకీ ఇనబడాల."

గట్టిగా చెప్పాను. ఇల్లంతా వినపడేలా. మావయ్యగారి ముఖం చూస్తూ చెప్పాను.

మాస్టారు దాన్ని ఆయన జేబులో పెట్టారు.

వెళ్ళిరండి మావయ్యగారూ. మీరున్న చోట మీకు హాయిగా, నిశ్చింతగా ఉండాలి.